దూరం నుంచే చూడాల్సిన పిట్ట

గోడ మీది పటంలో పిట్ట నీడ పైకి పడింది.

అది కంటబడేసరికి నేనింకా గుమ్మంలోనే ఉన్నాను. భుజాన బ్యాగు, ఒక కాలికి చెప్పు, చేతిలో ఫోను. నా పోస్టు కింద ఎవడో వెటకారంగా రాశాడు. హైదరాబాద్‌లో బస్సెక్కినప్పుడు మొదలైన ఆ గొడవ ఆర్మూర్‌లో దిగినా తెగలేదు. వాడికి ఘాటుగా ఒకటి తగిలిద్దామని టైప్ చేస్తుంటే లోపలి నుంచి మా మేనత్త గొంతు వినబడింది.

"ముందుగాల లోపటికి రా పిల్లా! గడప మీద నిలబడి గా ఫోన్ల ఏం ఏరుతున్నవ్?"

తలెత్తాను. ఎదురుగా పటం. నీలం రెక్కలు పైకి చాచిన పాలపిట్ట. చిన్నప్పుడు ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా చూసిందే. కానీ ఈసారి అందులో ఏదో తప్పుగా తోచింది. మామూలుగా నీడ కిందికో పక్కకో పడుతుంది. ఈ పిట్ట నీడ మాత్రం గోడ మీద పైకి ఎగబాకుతోంది. ఎవరో నేల మీద కూర్చుని పిట్ట ముఖంలోకి టార్చి వేసినట్టుగా ఉంది.

రెండో చెప్పు విప్పడం మర్చిపోయాను.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న ఆర్ట్ గ్యాలరీలో పని చేస్తాను. బొమ్మల కింద అంటించే చీటీలు రాయడం, గ్యాలరీ పేజీలో ఫొటోలు పెట్టడం, వచ్చినవాళ్లకి టీ చెప్పడం. ఆ దసరా ముందు మా గ్యాలరీలో ఒక పెద్ద చిత్రకారుడి ప్రదర్శనకి ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఆయన పేరు చెబితే బొమ్మల సంగతి తెలియనివాళ్లు కూడా "ఓ, ఆ పసుపు రంగాయనా" అంటారు. గోడంత కాన్వాసులు, వాటి మీద మనిషి లేడు, చెట్టు లేదు, పసుపు మీద పసుపు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఆర్మూర్‌లో కొన్నాళ్లు అద్దెకున్నాడని, అక్కడ ఉన్నదున్నట్టుగా ఒకే ఒక బొమ్మ గీశాడని, ఆ ఇంటి యజమానురాలు దాన్ని పొయ్యిలో పెట్టేసిందని ఆయనే ఎక్కడ మాట్లాడినా చెబుతాడు. కాళ్లకు తాడు కట్టి మేకుకి వేలాడదీసిన చచ్చిన కౌజు పిట్ట బొమ్మ అది. మక్క చేలల్లో తిరుగుతుందే, కోడిపిల్లంత గోధుమరంగు పిట్ట, అది. తగలబెట్టకముందు ఎవరో తీసిన నలుపు తెలుపు ఫొటో ఒకటి మిగిలింది. దాన్ని స్కాన్ చేసింది నేనే. నా ఫోన్‌లోనే ఉంది.

పటం దగ్గరికి వెళ్లి ఫొటో తీశాను. తలకిందులు చేసి చూద్దామని ఫోన్ తిప్పితే బొమ్మ కూడా తిరిగి మళ్లీ నిటారుగా నిలబడింది. ఇంకోసారి తిప్పాను. మళ్లీ అంతే. "థూ, నీ యబ్బ" అని ఫోన్‌నే తిట్టి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటో రొటేట్ ఆపి, అప్పుడు తిప్పాను.

పాలపిట్ట చచ్చిపోయింది.

ఇంకో మాట దొరకడం లేదు. అంతవరకు ఎగురుతున్న పిట్ట నా అరచేతిలోనే ప్రాణం విడిచినట్టయింది. పైకి చాచిన రెక్కలు రెండూ కిందికి జారిపోయాయి. ఆకాశంలోకి ఎత్తిన ముక్కు నేల వైపు వేలాడింది. కూర్చున్న కొమ్మ అనుకున్నది తాడు. కొమ్మ చివరి మొగ్గ అనుకున్నది మేకు. మూసిన కళ్లు ధ్యానం కాదు. నీడ మాత్రం చక్కగా, ఏ నీడైనా పడ్డట్టు, కిందికి పడింది.

స్కాన్ చేసిన ఫొటో తీసి పక్కన పెట్టి చూసుకున్నాను. అదే తాడు, అదే ముడి. ఒక రెక్క ఇంకోదానికన్నా కొంచెం ఎక్కువగా విచ్చుకుని ఉండటం కూడా అదే. ప్రపంచమంతా బూడిదైందనుకుంటున్న బొమ్మ మా అత్తమ్మ ముందుగదిలో, బంతిపూల దండ వేసుకుని, అద్దానికి నాలుగు మూలలా పసుపు కుంకుమ బొట్లు పెట్టించుకుని, తలకిందులుగా వేలాడుతోంది. దాని రెక్కల మీద ఎవరో నీలం రంగు పూశారు!

ఏమీ ఆలోచించకుండా ఆ రెండు ఫొటోలు మా గ్యాలరీ మేడంకి పంపేశాను.

మా అత్తమ్మని ఇచ్చింది పసుపు అడ్తివాళ్ల ఇంట్లో. రైతులు తెచ్చిన పసుపుని కొనేవాళ్లకు అమ్మిపెట్టే దుకాణం కింద, కాపురం పైన. సీజన్ కాకపోయినా, దుకాణంలో పాత సంచులు తప్ప ఏమీ లేకపోయినా, మెట్లెక్కుతుంటే పసుపు ముక్కులో కూర్చుంటుంది. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు. అత్తమ్మ అత్తగారిని బజారంతా అవ్వ అనేది, మేమూ అవ్వే అనేవాళ్లం. నిరుడు పోయింది. ఆమె ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఆమె మాటకి ఎదురు లేదు.

దసరా నాడు జమ్మి పూజ అయ్యాక పాలపిట్టను చూడాలి. చూస్తే ఏడాదంతా మంచిదని మా వైపు నమ్మకం. వెనకటికి చేలల్లోకి వెళ్తే కనబడేదట. ఇప్పుడు ఊరు పెరిగింది, పిట్ట తగ్గింది. ఒక ఏడు వాన పట్టి ఎవరూ పొలాలకు పోలేకపోతే అవ్వ లోపలి నుంచి ఈ పటం తెచ్చి గోడకి కొట్టించింది. "నిర్మల్ల కొనుకొచ్చిన" అందట. నిర్మల్ బొమ్మలకు పేరున్న ఊరు కదా, ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఏటి నుంచి మార్కెట్టు జనం దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పట్టుకుని ఈ మెట్లెక్కడం మొదలైంది. అవ్వ పటం కింద కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎవరైనా రెండడుగులు ముందుకొస్తే చేయి అడ్డం పెట్టేది. "దూరం నుంచే. దూరం నుంచే చూడాలె." మడి పిచ్చి అనుకునేవాళ్లం.

ఈ దసరాకి ఆ కుర్చీ అత్తమ్మది. నన్ను రమ్మన్నదే అందుకు. "ఫోన్ల మంచిగ తియ్యాలె నన్ను, కుర్సీల కూసున్నప్పుడు" అని నెల నుంచి చెబుతోంది. కొత్త చీర కూడా కొనుక్కుంది.

ఆమె వంటింట్లో పోలెలకు, అదే బొబ్బట్లకు, పిండి కలుపుతోంది. వెళ్లి నిలబడ్డాను.

"అత్తమ్మా, ఆ పటం ఎక్కడిది?"

"నిర్మల్‌ది. ఎందుకే?"

"తలకిందులుగా కొట్టిన్రు దాన్ని."

అత్తమ్మ నవ్వింది. "బస్సుల కండ్లు తిరిగినట్టున్నయ్ నీకు. నిమ్మకాయ నీళ్లు ఇయ్యాల్నా?"

"జోక్ కాదు. అది పాలపిట్ట కాదు. కౌజు పిట్ట."

"మరి రెక్కలు నీలంగ ఎందుకున్నయ్?"

"అదే నేను అడుగుతున్న! ఎవడు పూసిండు ఆ నీలం? ఏ బోర్డు పెయింటర్‌తోని పూయించిన్రు?"

నా అరుపుకి కింద దుకాణంలో ఉన్న మామయ్య మెట్లెక్కి వచ్చాడు. విషయం చెప్పాను. ఆయన పటం వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ పటం వైపు చూశాడు.

"నేనైతే పూయలే తల్లీ. మా అమ్మ ఉన్నప్పుడు గా పటం మీద దుమ్ము దులపనీకె కూడ నాకు పర్మిషన్ లేకుండె."

"మామయ్యా, ఇది ఎవరి బొమ్మో తెలుసా మీకు? రేపే హైదరాబాద్ తీసుకపోవాలె ఇది!"

"రేపు దసరా" అంది అత్తమ్మ. నవ్వు పోయింది.

"దసరా అయితే ఏంది? ఇక్కడ దాన్ని పాడు చేస్తున్నరు. పూలదండలు, బొట్లు, అగరబత్తి పొగ. ఇది దేవుడి పటం కాదు అత్తమ్మా, అర్థం చేసుకో!"

"ఏందే గా లొల్లి? రేపు మార్కెట్టోళ్లందరు వస్తరు. మా అత్త పోయినంక మొదటి దసరా. కుర్సీల నేను కూసుంటె వెనక గోడ బోసిగ ఉండాల్నా? పండుగైనంక తీస్కపో, ఎవరొద్దన్నరు?"

"ఇంకో దినం కూడ ఉండొద్దది ఇక్కడ!"

"నీ హైదరాబాద్ తెలివి నా దగ్గర జూపియ్యకు. నువ్వు గాడ ఏమేం తింటవో మాకు తెల్వదనుకుంటున్నవా? సచ్చిన పిట్టలు నీకే యాదికొస్తయ్."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. నాకు కోపం వస్తే మాట కంటే ముందు చెయ్యి కదులుతుంది. అవ్వ కుర్చీ లాగి, ఎక్కి, పటం దించేశాను. తీగ ఒకవైపే ఉంది కనుక తిప్పి తగిలించలేను. గుండెలకు ఆనించుకుని, తలకిందులుగా పట్టుకుని, ఇద్దరికీ ఎదురుగా కుర్చీ మీద నిలబడ్డాను.

"చూడున్రి ఇప్పుడు."

నేను పటం వెనక ఉన్నాను. వాళ్ల ముఖాలే కనబడుతున్నాయి.

అత్తమ్మ ముఖంలో మొదట చిరాకు ఉంది. తర్వాత అది ఎటో పోయింది. పిండి చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. దగ్గరికి వచ్చింది. ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ రానంత దగ్గరికి.

"సచ్చిపోయింది" అంది.

పిండి అంటిన వేలు పటం వైపు చాచింది.

"గా ముక్కుకాడ ఎర్రగున్నది పండు గద? పాలపిట్ట పండు తింటున్నదని..." ఆమె వేలు అద్దానికి ఆనకుండా ఆగింది. "పండే గద పిల్లా?"

"రక్తం అత్తమ్మా."

ఆమె వేలిని వెనక్కి తీసుకుంది, కాలినట్టు. ఇంకేం అనకుండా నేరుగా స్నానాల గదిలోకి పోయింది. కొత్త సబ్బు తియ్యలేదు, తువ్వాల తియ్యలేదు. చెంబు మీద చెంబు నెత్తిన పోసుకుంటున్న చప్పుడు. చావింటికి పోయి వచ్చినవాళ్లు అలా పోసుకుంటారు.

మామయ్య బెంచీ మీద కూలబడ్డాడు. "పొద్దుగాల లేస్తనే దీని మొఖం జూసే దుకాణం తెరుస్తున్న" అన్నాడు, నాతో కాదు, ఎదురుగా గోడ మీద మిగిలిన మేకుతో.

నేను దిగాను. అప్పటిదాకా ఉన్న కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. గెలిచినట్టు లేదు. పటాన్ని ఎటు పట్టుకోవాలో తెలీక పక్కకి తిప్పి, అడ్డంగా, చంకలో పెట్టుకున్నాను.

అప్పుడు ఫోన్ మోగింది. మా మేడం. ఫొటోలు ఆయనకి పంపిందట. ఆ చిత్రకారుడికి. ఆయన ఇప్పుడే మాట్లాడాలంటున్నాడట, వీడియోలో.

ఆయన్ని నేను పెద్ద పెద్ద ఫొటోల్లోనే చూశాను. స్క్రీన్ మీద ఒక ముసలాయన వచ్చాడు. ముడతల బనియను, వెనక తిరుగుతున్న ఫ్యాను. నమస్కారం పెట్టబోయాను. ఆయన నన్ను చూడలేదు.

"పటం చూపియ్యి బిడ్డా."

కెమెరా తిప్పాను. ఏ వైపు పైకి పట్టుకోవాలో అడగాలనిపించింది. అడగలేదు. అడ్డంగానే చూపించాను.

"నీలం ఇంకా ఉన్నదా?" అన్నాడాయన.

"సార్, సారీ సార్. అది ఎవరో తెలియక పూసిన్రు. మా వాళ్లు కాదు. క్లీన్ చేయించవచ్చు అని మేడం..."

"నేనే పూసిన."

నాకు సరిగా వినబడలేదేమో అనుకున్నాను.

అత్తమ్మ వచ్చి నా వెనక నిలబడింది. తడిచీర, జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయనకి ఆమె కనబడ్డట్టుంది.

"ఎవరమ్మ నువ్వు? కోడలివా? ఆమె బాగున్నదా?"

"పోయిన యేడు పోయింది" అంది అత్తమ్మ.

ఆయన కదల్లేదు. నెట్‌వర్క్ పోయిందనుకుని "హలో, హలో సార్" అన్నాను. ఫోన్ కిటికీ వైపు జరిపాను. అప్పుడు గమనించాను, ఆయన వెనక ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కాసేపటికి ఆయనే మాట్లాడాడు. తడబడుతూ, ఆగుతూ, మధ్యలో గొంతు సవరించుకుంటూ. చాలా ఏళ్లుగా పెద్దపెద్ద సభల్లో మాట్లాడే మనిషి కదా, ఆ మాటలేవీ లేవు. ఆర్మూర్ మాటే వచ్చింది.

"గా మేడ మీది అర్ర నాకు కిరాయికిచ్చింది. నేను ఏ కులపోణ్ణో, ఏం తింటనో అడగలే. ఇంట్లకు నీసు రావొద్దు, గంతే అన్నది. బాల్కొండ దిక్కు ఉచ్చులు పెట్టి కౌజులు పట్టెటోళ్లు రోడ్డు మీద అమ్ముతుండె. ఒకటి కొన్న. తిననీకె కాదమ్మా, గీయనీకె. తిననప్పుడు తప్పేంది అనుకున్న. మేకుకు ఏలాడదీసి గీస్తున్న, గీస్తున్న, గీసుడు అయిపోయేదాకా దించలే. వాసన కిందికి పోయింది."

"అవ్వ..." అంది అత్తమ్మ.

"మేడెక్కి వచ్చింది. తిట్టలే. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, తన చేతులతోనే గా తాడు ఇప్పింది. పిట్టను ఆకుల చుట్టి నా చేతికి ఇచ్చి, పోయి పాతిపెట్టి రా అన్నది. వచ్చేసరికి బొమ్మ ముందట నిలబడ్డది. గిది కూడ ఉండొద్దు అన్నది. ఆమెను ఎట్లన్న మంచిగ జేస్కోవాలె గద. మరునాడు నీలం తెచ్చి రెక్కలకు వేసిన. తిరగేసి తీస్కపోయి, అవ్వా, పాలపిట్ట, దసరకు నీకని గీసిన అన్న. చూసింది. మస్తుసేపు చూసింది. నా కండ్లకే గంతలు కడ్తవా అన్నది. తెల్లారి అడిగితే నీళ్ల పొయ్యిల ఏసిన అన్నది. నాకు మండింది. గా దినమే బస్సెక్కిన. మళ్ల ఉన్నదున్నట్టు ఏదీ గీయలే."

నేను రాసిన చీటీ గుర్తొచ్చింది. ప్రదర్శన మొదట్లో అంటించడానికి ఇంగ్లీషులో పొందిగ్గా రాశాను. ఆయన ఆకారాన్ని ఎందుకు వదిలేశాడో, శూన్యంలోకి ఎలా వెళ్లాడో. అందులో కిరాయి గది ముసలమ్మ మీద అలిగి బస్సెక్కిన సంగతి లేదు.

"ఆగున్రి" అంది అత్తమ్మ. ఆమె గొంతు మారింది. "అయితే అవ్వకు ఎర్కేనా? గిది సచ్చిన కౌజని ఎర్కేనా?"

"తాడు ఇప్పింది ఆమెనే కదమ్మా."

"ఎర్కుండి గోడకు కొట్టిందా?"

"గది నువ్వు చెప్తెనే నాకు తెలుస్తున్నది. కాలబెట్టింది అనుకొనే ఇన్నేండ్లు..." ఆయన ఆగాడు. "ఏం చెప్తుండె మనుషులకు? చూపిచ్చేటప్పుడు?"

"ఏం చెప్పదు. దూరం నుంచే చూడాలె అనేది. దగ్గరికి రానియ్యకపోతుండె ఎవ్వల్నీ."

ముసలాయన నవ్వబోయాడో ఏడవబోయాడో తెలీదు. "దగ్గరికొస్తె కన్ను కనవడ్తది గద" అన్నాడు. ఫోన్ ఆయన చేతిలో జారినట్టుంది. కొంతసేపు ఫ్యాను, పైకప్పు కనబడ్డాయి. తర్వాత కట్ అయింది.

మేము ముగ్గురం స్క్రీన్ చూస్తూనే ఉన్నాం. అది ఆరిపోయాక మా ముఖాలే అందులో కనబడ్డాయి.

అత్తమ్మ ఒక్కసారిగా పేలింది.

"కేకు ముక్క!" అంది. "పెండ్లయిన కొత్తల, పక్కింటి పిల్ల పుట్టిన్రోజుకు కేకు ముక్క పెడితె తిన్న. గుడ్డేసిన్రని నాకేం తెల్సు? గీ ముసల్ది నాతోని తలస్నానం చేయించింది, వంటిల్లంత కడిగించింది. సలికాలంల! సలికాలంల కడిగించిందే పిల్లా! ఆమె మటుకు రక్తం కారే కౌజును గోడకు కొట్టి, దండలేసి, ఊరందరితోని దండం పెట్టిచ్చింది!"

"అమ్మ గురించి గట్ల అనకు" అన్నాడు మామయ్య, కానీ గొంతులో బలం లేదు.

"నువ్వు మాట్లాడకు. నీకు దుమ్ము దులపనీకె పర్మిషన్ లేకుండె, నాకు దీపం పెట్టేదాకనే. ఇద్దరం బుద్ధిలేనోళ్లమే." ఆమె కొత్త చీర ఉన్న సంచిని బీరువాలోకి విసిరింది. "నేను కూసోను గా కుర్సీల. పీనుగను చూపిచ్చి పాలపిట్ట అని చెప్పుడు నాతోని కాదు. తీస్కపో నీ బొమ్మను. ఇప్పుడే తీస్కపో."

వచ్చినప్పటి నుంచి నేను కోరింది అదే. అడగకుండానే దొరికింది. తీసుకుని బయలుదేరవచ్చు. ఎందుకో కుర్చీ ఎక్కి, పటాన్ని ఎప్పటిలాగే, రెక్కలు పైకి ఉండేట్టు, మేకుకి తగిలించాను. మేడంకి మెసేజ్ పెట్టాను, పండగనాడు బండ్లు దొరకవు, మర్నాడు తెస్తానని. ఆవిడ వెంటనే అడిగింది. ప్రదర్శనలో ఏ వైపు పైకి పెట్టాలి? ఆయన్ని అడిగితే ఫోన్ ఎత్తడం లేదట. నాకు తెలుసేమోనని అడుగుతోంది. చాలాసేపు ఆవిడకి 'టైపింగ్' అని కనబడేలా ఏదో కొట్టి, చెరిపి, ఏమీ పంపలేదు.

అత్తమ్మ పటం మీద ఒక తువ్వాల కప్పింది. కళ్లు పక్కకి తిప్పుకుని కప్పింది.

దసరా పొద్దున పోలెలు చేసింది. మామయ్య తరాజుకి, సంచులు కుట్టే మిషనుకి బొట్లు పెట్టాడు. నేను ఆ పటం వైపు ఎన్నిసార్లు చూశానో, తువ్వాల కిందున్నది ఎగురుతోందో వేలాడుతోందో ఒక్కసారి కూడా తేల్చుకోలేకపోయాను. ఎవరి ప్రమేయం లేకుండా నా కళ్లలోనే ఆటో రొటేట్ మొదలైంది.

సాయంత్రం జమ్మి పూజ నుంచి మామయ్య తిరిగి వచ్చేసరికి మెట్ల మీద చప్పుడు మొదలైంది. రావద్దని ఆయన ఎవరికీ చెప్పలేకపోయినట్టుంది. ముందుగా మాక్లూర్ వైపు నుంచి వచ్చే రైతు కుటుంబం. ఈ అడ్తికే పసుపు తెస్తారు. వాళ్ల వెనక పక్క దుకాణాలవాళ్లు. చేతుల్లో జమ్మి ఆకు. "బంగారం తీస్కోన్రి" అని అందరి చేతుల్లో పెడుతున్నారు, పెద్దవాళ్ల కాళ్లకు మొక్కుతున్నారు, గుండెలకు హత్తుకుంటున్నారు. గది నిండిపోయింది. కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ రైతు తల్లి అత్తమ్మ చేతిలో జమ్మి పెట్టి, చెయ్యి వదల్లేదు.

"మీ అత్త లేని దసర. కండ్లల్లనే ఉన్నది ముసల్ది. పొద్దుగాల చేనుకాడికి పోయినం బిడ్డా, గింత పిట్ట కనవడలే. ఎటు పోయినయో ఏమో అన్ని. మీ ఇంటి పిట్టను జూసే పోదామని వచ్చినం. నువ్వే సూపియ్యాలె ఇంక."

అత్తమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది, అడగడం ఉంది. చెప్పేయనా? చెప్పేది నువ్వా, నేనా? ఎవరి పోస్టు కిందైనా తప్పు రాస్తే క్షణంలో దిద్దే నేను, ఆ ముసలమ్మ ముఖం చూసి ఒక్క అక్షరం పలకలేకపోయాను.

"ఏంది, తువ్వాల కప్పిన్రు?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. "పిట్ట నిద్రపోతున్నదా ఏంది?" నవ్వులు. ఒకాయన చొరవగా ముందుకొచ్చి తువ్వాల కొస పట్టి లాగాడు. అది జారి కుర్చీ మీద పడింది.

అందరి చేతులూ జోడించుకున్నాయి. ఎవరో "అబ్బ" అన్నారు. పడమటి కిటికీలోంచి ఎండ సరిగ్గా అద్దం మీద పడుతోంది. నీలం మెరిసింది.

తువ్వాల లాగినాయన జేబులోంచి ఫోన్ తీశాడు. "జర దగ్గర నుంచి ఒకటి తీస్త, గల్ఫ్‌ల ఉన్న మా తమ్మునికి పంపియ్యాలె" అంటూ ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. ఫోన్ స్క్రీన్ మీద వేళ్లు విడదీసి పిట్ట ముఖం పెద్దది చేస్తున్నాడు. మూసిన కన్ను, ముక్కు, ముక్కు కొసన ఎర్ర చుక్క, అన్నీ ఇంకో క్షణంలో ఆయన అరచేతిలోకి వచ్చేస్తాయి. నేనూ అలాగే చూశాను కదా, నిన్న.

అత్తమ్మ ఎప్పుడు కదిలిందో నేను చూడలేదు. తువ్వాల తీసి భుజాన వేసుకుని, కుర్చీని గోడ నుంచి ఒక జానెడు ముందుకు లాగి, అందులో కూర్చుంది. నిండుగా, వెన్ను నిటారుగా. కుడిచేయి అడ్డంగా చాచింది. ఆయన ఫోన్‌కీ పటానికీ మధ్య ఆ చేయి, చేతినిండా గాజులు.

"దూరం నుంచే" అంది. "దూరం నుంచే చూడాలె."

మామయ్య తల తిప్పి గోడ వైపు చూశాడు. ఆ గొంతు విని ఆయన ఎవరనుకున్నాడో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అలాగే ఉలిక్కిపడ్డాను.

తువ్వాల లాగినాయన నాలుక కరుచుకుని, ఫోన్ దించి, రెండడుగులు వెనక్కి వేశాడు. జనం ఒకరి వెనక ఒకరు వచ్చి, కుర్చీకి రెండడుగుల అవతలే నిలబడి, దండం పెట్టి వెళ్తున్నారు. అత్తమ్మ పాత చీరలోనే ఉంది. ముఖం నిండా చెమట. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి పటాన్ని చూడలేదు.

నెల నుంచి అడిగింది కదా, కుర్చీలో కూర్చున్నప్పుడు ఫొటో తియ్యాలని. ఫోన్ ఎత్తాను. ఫ్రేములోకి ఆమె, ఆమె తల మీదుగా పిట్ట రెండూ రావాలని ఒక అడుగు ముందుకు వేశాను.

ఆ చేయి నా వైపు తిరిగింది.

"నీకు కూడ చెప్పాల్నా?"